నదిలో బాస్ వేటకు కనూ మేలా, కయాక్ మేలా?

చేప ఎరను అందుకున్న మరుక్షణం మీ రెండు చేతులూ గాలపు కర్రకూ రీలుకూ అతుక్కుపోతాయి. తెడ్డు ఒళ్లో ఉంటుంది, లేదా కాళ్ల దగ్గర పడి ఉంటుంది. ఏరు మాత్రం ఆగదు. ఆ పది పదిహేను సెకన్లలో మీ కింది పడవ తనంతట తాను ఏం చేస్తుంది? నదిలో బాస్ చేపను పట్టదలచుకున్నవాళ్లు కనూ, కయాక్ అనే రెండు రకాల తెడ్డు పడవల్లో ఒకటి ఎంచుకునే ముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే. సీటు మెత్తదనం, కర్రలు నిలబెట్టే గొట్టాలు, సామాను అరలు అన్నీ దీని తరువాతే. చెరువులో పడవ ఎటు తిరిగినా పెద్ద నష్టం లేదు. పారే నీటిలో అడ్డం తిరిగిన పడవ రాతికి తగిలితే చేపతోపాటు పడవ కూడా చేజారవచ్చు.

ఇక్కడ బాస్ అంటే ప్రధానంగా ఉత్తర అమెరికా నదుల్లో ఉండే స్మాల్‌మౌత్ బాస్. కంచు రంగు ఒళ్లు, నిలువు చారలు. మహా సరస్సుల ప్రాంతం, ఒహాయో, టెనెసీ, ఎగువ మిసిసిపీ పరీవాహక ప్రాంతాలు దాని పుట్టిల్లు. తూర్పున ఉన్న పొటోమాక్ లాంటి నదులకు దాన్ని మనుషులే చేర్చారు. 1854లో రైలింజను వెంట ఉండే నీళ్ల తొట్టిలో కొన్ని చేపలను అపలాచియన్ కొండల అవతలి నుంచి తెచ్చి పొటోమాక్ పక్కనున్న కాలువలో వదిలారు. అక్కడి నుంచి అవి నదిలోకి విస్తరించాయి. ఈ జాతిలో ప్రపంచ రికార్డు చేప 1955లో డేల్ హాలో జలాశయంలో దొరికింది. దాని బరువు 11 పౌండ్ల 15 ఔన్సులు, అంటే సుమారు 5.4 కిలోలు. నదిలో అంత పెద్దవి ఆశించకండి. అక్కడ 20 అంగుళాల చేప దొరికితే దాన్ని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

ఈ చేప వడిలో ఈదుతూ శక్తి వృథా చేసుకోదు. పెద్ద రాతి వెనుక, వేగంగా పారే నీరూ నిదానంగా కదిలే నీరూ ఒరుసుకునే అంచున, మడుగు చివర నీరు మళ్లీ పలచబడే చోట, తల ఎగువకు పెట్టి కాచుకుని ఉంటుంది. క్రేఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి), చిన్న చేపలు ప్రవాహంలో కొట్టుకువస్తే అందుకుంటుంది. పడవ ఎంపికకు ఇందులో రెండు సూచనలు ఉన్నాయి. మొదటిది, మీరు తేలిపోతూ ఉంటారు కాబట్టి అలాంటి ఒక్కో చోట మీకు దక్కేది రెండు విసుర్లు, మహా అయితే మూడు. రెండోది, చేప చూపు ఎగువ వైపు. మీరు వచ్చేది కూడా ఎగువ నుంచే. ఎత్తుగా కనిపించే మనిషి, రాళ్లకు తగిలి మోగే పడవ దాన్ని ముందే హెచ్చరిస్తాయి.

రెండు పడవల పుట్టుక

కనూ ఉత్తర అమెరికా మూలవాసుల పడవ. బిర్చి చెట్టు బెరడుతో కట్టినా, మానును దోనెలా తొలిచినా దాని పని మనుషులనూ సామానునూ మోయడం. ఏరు ఆగిపోయిన చోట బెరడు కనూను మనుషులే భుజాన వేసుకుని మరో ఏటి దాకా నడిచేవారు. పైభాగం తెరిచి ఉంటుంది, పక్కలు ఎత్తుగా ఉంటాయి, ఒకే రెక్క ఉన్న తెడ్డుతో నడుపుతారు. కయాక్ ఆర్కిటిక్ తీరాల ఇన్యూట్, ఉనంగన్ ప్రజల వేట పడవ. గాలి కొట్టే నీటి మీద ఒంటరిగా, చప్పుడు లేకుండా దగ్గరికి వెళ్లి, తెడ్డు వదిలి ఈటె విసరాలి. అందుకే అది నీటికి ఆనుకుని కూర్చుంటుంది, తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి. చేతులు ఖాళీ లేని ఆ క్షణం వేటగాడికీ ఉండేది. ఇప్పటి చేపల కయాక్ ప్లాస్టిక్‌తో పోతపోసినదైనా, రెండింతలు వెడల్పైనా ఆ పాత గుణం దానిలో మిగిలే ఉంది.

ఒంటరిగా వెళ్తే

ఇద్దరి కోసం చేసిన 16 అడుగుల కనూను ఒక్కరే వెనుక సీటులో కూర్చుని నడిపితే ముందు కొస నీటిపైకి లేస్తుంది. లేచిన కొస తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. మీరు ఎర విసిరి, దాన్ని రాతి పక్కకు దించి, రీలు తిప్పడం మొదలుపెట్టేలోపు పడవ నదికి అడ్డంగా తిరిగి ఉంటుంది. మళ్లీ తెడ్డు అందుకుని సరిచేసేసరికి ఆ రాయి వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది. గాలి ఉన్న రోజున ఇలా గంటకు ఇరవై సార్లు జరుగుతుంది. కనూ మీద విరక్తి పుట్టి అమ్మేసిన చాలామందికి అసలు చిక్కు కనూతో కాదు, కూర్చున్న చోటుతో.

దీనికి మందు ఉంది. రెండు కొసలూ ఒకే ఆకారంలో ఉన్న కనూ అయితే ముందు సీటులో వెనక్కి తిరిగి కూర్చోవచ్చు. అప్పుడు మీ బరువు పడవ నడుమకు దగ్గరవుతుంది. లేదా నడుమ అడ్డుకర్రకు ఆనుకుని మోకాళ్ల మీద కూర్చోవాలి. రెండూ కుదరకపోతే ఎదుటి కొసలో నీళ్లు నింపిన డబ్బా పెట్టాలి. దాని బరువుకు లేచిన కొస దిగుతుంది. తేడా మొదటి గాలికే తెలుస్తుంది.

కయాక్‌లో ఈ బాధ చాలా తక్కువ. మనిషి నడుమన కూర్చుంటాడు, పక్కలు పొట్టిగా ఉంటాయి, గాలికి దొరికేది కొంచెమే. కర్ర ఒక చేత్తో పట్టుకుని, మరో చేత్తో తెడ్డు నడుమ పట్టి, ఒక రెక్కను నీటిలో ఆనించి పడవ ముక్కును అంగుళం అంగుళం తిప్పుకోవచ్చు. ఈ ఒక్క విద్య అలవడితే విసుర్ల సంఖ్య అమాంతం పెరుగుతుంది. ఇంకో సౌలభ్యం కూడా ఉంది. వడిలోంచి పక్కకు తప్పుకుని రాతి వెనుకనున్న నిలకడ నీటిలోకి దూరడం పొట్టి కయాక్‌కు వెన్నతో పెట్టిన విద్య. అక్కడ ఆగి, పక్కనున్న అంచును తీరిగ్గా వెతకవచ్చు. పది నుంచి పన్నెండు అడుగుల పొడవు నదికి సరిపోతుంది. పద్నాలుగు అడుగులు దాటినవి సరస్సుల కోసం చేసినవి. అవి సూటిగా పోతాయి, తిరగమంటే మొండికేస్తాయి.

అయితే ఒంటరి మనిషికి కయాక్ తప్ప దారి లేదనుకోవద్దు. ఒక్కరి కోసమే చేసిన 12 నుంచి 14 అడుగుల కనూలు ఉన్నాయి. ఈ చర్చలో వాటిని అన్యాయంగా మరిచిపోతున్నారని నా బాధ. నడుమన సీటు, తక్కువ ఎత్తు పక్కలు, పొడవాటి రెండు రెక్కల తెడ్డు. కయాక్ చేసే పనిలో చాలా భాగం ఇవి చేస్తాయి, బరువులో మాత్రం సగానికి సగం తక్కువ ఉంటాయి. కాళ్లు చాపుకోవచ్చు, ముడుచుకోవచ్చు, మోకాళ్ల మీదకు మారవచ్చు. ఎనిమిది గంటలు నదిలో ఉండేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇద్దరు వెళ్తే

ఇక్కడ ఊగిసలాట అక్కరలేదు, కనూయే. వెనుక కూర్చున్నవారు పడవను పట్టి ఉంచుతారు, ముందున్నవారు రెండు చేతులతో వేట మీదే దృష్టి పెడతారు. మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. చేప పడినప్పుడు పడవకు వేరే రెండు చేతులు ఉన్నాయి. వెనుకనున్నవారు ప్రవాహానికి ఎదురుగా మెల్లగా తెడ్డేస్తూ పడవ వేగాన్ని నీటి వేగం కన్నా తగ్గిస్తే, ముందున్నవారికి ఒక్కో చోట మూడు విసుర్ల బదులు ఆరేడు దక్కుతాయి. గంటకోసారి, లేదా ఒక చేప పడగానే చోటు మార్చుకోవాలి. చోటు మార్చేటప్పుడు ఒడ్డుకు చేరి దిగండి, నది నడుమ ఒకరినొకరు దాటుకోవద్దు. ఒక ఒప్పందం ముందే కుదుర్చుకోవాలి. వెనుకనున్నవారి గాలం ఆ వంతులో నీటిలోకి దిగకూడదు. ఇద్దరూ ఒకేసారి ఎర విసిరే కనూ ఎవరి పడవా కాదు, పైగా కొక్కేలు ఎదుటివారి చెవికి తగులుతాయి.

ఇద్దరు కూర్చునే కయాక్‌లు కూడా ఉన్నాయి. నదిలో బాస్ కోసం నేను వాటిని సూచించను. బరువెక్కువ, తిరగవు, ఇద్దరి కర్రలూ ఒకదానికొకటి అడ్డం.

రాత్రుళ్లు ఇసుక తిన్నెల మీద గుడారం వేసుకుంటూ రెండు మూడు రోజులు దిగువకు సాగాలనుకుంటే కూడా కనూదే పైచేయి. ఆర్కన్సాలోని బఫెలో నదిని 1972లో అమెరికాలో మొట్టమొదటి జాతీయ నదిగా ప్రకటించారు. అక్కడ రక్షణలో ఉన్న పొడవు సుమారు 135 మైళ్లు. మిస్సోరీలో కరెంట్, జాక్స్ ఫోర్క్ నదులకు 1964 చట్టంతోనే రక్షణ వచ్చింది. ఓజార్క్ కొండల్లోని ఈ నీళ్లు గాజులా ఉంటాయి, అడుగున గులకరాళ్లు, ప్రతి మలుపులో ఒక మడుగు. గుడారం, పరుపు, నీళ్లు, వంట సామాను అన్నీ పేర్చుకున్న కనూకు ఆ నదులు సొంత ఇల్లు.

ఏ రకం కయాక్

పైన కూర్చునే రకం, లోపల కూర్చునే రకం, కాళ్లతో తొక్కే రకం. మూడింటిలో నదికి మొదటిదే నా ఎంపిక. పైన కూర్చునే కయాక్‌లో పడిన నీరు అడుగున ఉన్న రంధ్రాల గుండా తనంతట తానే పోతుంది. పడవ తిరగబడినా నీటితో నిండిపోదు. దాన్ని తిప్పి మళ్లీ ఎక్కవచ్చు. లోతు తగ్గిన చోట కాళ్లు పక్కకు దించితే చాలు, నీటిలో నిలబడి వేటాడవచ్చు. స్మాల్‌మౌత్ వేటలో సగం ఆనందం ఇలా దిగి నడవడంలోనే ఉంది.

లోపల కూర్చునేది తేలికగా ఉంటుంది, చలికాలంలో కాళ్లు పొడిగా ఉంటాయి. కానీ వినోదానికి చేసిన చిన్న రకాల్లో నీరు నిండితే ఒడ్డుకు లాగి కుమ్మరించే దాకా అది పడవ కాదు, తొట్టి. ఇప్పటికే మీ దగ్గర ఉంటే నెమ్మదైన నదుల్లో వాడుకోండి. ఇందుకోసమే కొత్తగా కొనవద్దు.

తొక్కుడు కయాక్ మీద చాలామందికి మోజు. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, కాళ్లతో ముందుకూ వెనక్కూ పోవచ్చు అంటే మన ప్రశ్నకు ఇదే సరైన జవాబు అనిపిస్తుంది. లోతైన, నిదానమైన నీటిలో నిజంగానే అంతే. ఎగువ మిసిసిపీలో ఆనకట్టల మధ్య నిలిచిన విశాలమైన నీళ్లలో, పొటోమాక్ దిగువన ఆటుపోట్లు తగిలే భాగంలో దానికి సాటి లేదు. అయితే స్మాల్‌మౌత్ ఉండే రాళ్ల ఏరుల్లో మోకాలి లోతు, పిక్కల లోతు నీళ్లు అడుగడుగునా వస్తాయి. పడవ కింద వేలాడే రెక్కలు, పంకా, వెనుక చుక్కాని రాళ్లకు కొట్టుకుంటాయి. ప్రతి పలచని చోటా వాటిని పైకి లాగి తెడ్డు అందుకోవాలి. పడవ ఎక్కువ అదుపులో ఉండాల్సింది సరిగ్గా అలాంటి చోట్లే. పైగా తొక్కే యంత్రంతో కలిపి ఈ పడవలు చాలావరకు 45 కిలోలు దాటుతాయి.

ఆగడం, లంగరు వేయడం

చేపలున్న చోట ఆగాలన్న కోరిక సహజం. లంగరు వేద్దామన్న ఆలోచన కూడా సహజమే, కానీ పారే నీటిలో అది ప్రమాదకరం. పడవ పక్క నుంచి లంగరు తాడు బిగిసిందా, ప్రవాహం ఎగువ అంచును కిందికి నొక్కి క్షణంలో పడవను తిప్పేస్తుంది. కయాక్ అయినా కనూ అయినా ఇందులో తేడా లేదు. కొందరు వెనుక కొస నుంచి గొలుసు ముక్కను అడుగున ఈడ్చుకుంటూ వేగం తగ్గిస్తారు. నిదానమైన మడుగుల్లో, ఒక్క లాగుతో తాడు వదిలించుకునే ఏర్పాటు ఉంటే, పక్కన కత్తి ఉంటే అది పనికొస్తుంది. వడిలో అది కూడా వద్దు. గొలుసు రాళ్ల సందులో ఇరుక్కుంటే లంగరు వేసినట్టే.

నిజమైన బ్రేకు రాతి వెనుకనున్న నిలకడ నీరు, ఆ తరువాత గులకరాళ్ల తిన్నె. పడవను ఒడ్డుకు లాగి దిగండి. మంచి చోటు కనిపించిన ప్రతిసారీ దిగి నడవడానికి మీకు బద్ధకం కలిగించని పడవ ఏదో అది మీకు ఎక్కువ చేపలు పట్టిస్తుంది.

నిలబడి వేటాడటం గురించి ఒక మాట. 34 నుంచి 36 అంగుళాల వెడల్పున్న కయాక్‌లో నిలబడవచ్చు. వెడల్పాటి కనూలో కూడా అనుభవజ్ఞులు నిలబడి గడ వేస్తారు. ఎత్తు నుంచి చూస్తే, నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉంటే, నీటి అడుగున రాతి మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ కనిపించని రాయి తగలగానే పడవ ఆగుతుంది, మీరు ఆగరు. మడుగుల్లో తప్ప నిలబడవద్దు. కూర్చున్న చోటు నుంచే చూపు కావాలంటే కనూ సీటు మామూలు కయాక్ సీటు కన్నా ఎత్తు. ఈ లాభాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

దేనితో చేశారు, ఎంత బరువు

అల్యూమినియం కనూ తరాల తరబడి మన్నుతుంది. అయితే రాయి తగిలితే గుడి గంటలా మోగుతుంది, అదే రాతికి అతుక్కుని కదలనంటుంది. చేప ఒంటి పక్కన ఉండే రేఖ నీటిలోని ప్రకంపనలను పసిగడుతుంది కాబట్టి ఈ మోత మంచిది కాదు. పాలిథిలిన్ ప్లాస్టిక్ పడవలు రాళ్ల మీద నుంచి జారిపోతాయి, చప్పుడు తక్కువ, బరువు ఎక్కువ. నదుల కనూలకు ఎంతో పేరున్న రాయలెక్స్ అనే పొరల ప్లాస్టిక్ తయారీ 2014 ప్రాంతంలో ఆగిపోయింది. మంచి స్థితిలో ఉన్న పాత రాయలెక్స్ కనూ దొరికితే వదలవద్దు. కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన పడవలు ఈకలా తేలిక, కానీ గులకరాళ్ల ఏటికి అవి కావు.

బరువును కొట్టులో తూచితే తెలియదు, ఏటిగట్టున తెలుస్తుంది. మంచి బాస్ ఏరులకు చాలా చోట్ల పడవలు దించే రేవులు ఉండవు. వంతెన పక్కన కంపల మధ్య నుంచి దిగే కాలిబాట ఉంటుంది. పాతిక కిలోల కనూను నడుమ అడ్డుకర్ర భుజాల మీద వేసుకుని ఒక్కరే దించేయవచ్చు. నలభై కిలోల కయాక్‌ను ఆ బాట మీద ఈడ్వాలి, సాయంత్రం అలసిపోయాక మళ్లీ పైకి ఈడ్వాలి. దారిలో చిన్న ఆనకట్ట అడ్డొస్తే దాని మీది నుంచి దూకించాలన్న ఆలోచనే రానీయవద్దు. దాని కింద తిరగబడే నీరు పడవనూ మనిషినీ వదలదు. చాలా ముందే ఒడ్డు చేరి, పడవను మోసుకుని, బాగా దిగువన మళ్లీ దించాలి. ఆ రోజు బరువు గురించి మళ్లీ తలుచుకుంటారు.

ఏ నదికి ఏది

పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర సస్క్వెహానా దాదాపు మైలు వెడల్పు, ఎండాకాలంలో లోతు అంతంత మాత్రం, అడుగున రాతి మెట్లు, పైన అడ్డులేని గాలి. ఒంటరిగా వెళ్తే పైన కూర్చునే కయాక్ తీసుకెళ్లండి. చెట్లు కమ్ముకున్న ఇరుకు ఏరుల్లో గాలి బెడద ఉండదు, కొమ్మల బెడద ఉంటుంది. అక్కడ ఒక్కరి కనూ లేదా పొట్టి కయాక్, కర్రలను మాత్రం నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. ఇద్దరు, రెండు మూడు రోజులు, ఓజార్క్ నదులు అయితే పాలిథిలిన్ కనూ. వెస్ట్ వర్జీనియాలో న్యూ రివర్ కనుమలోని పెద్ద వడులకు ఈ రెండూ పనికిరావు. అక్కడ తెప్పలు నడిపే గైడులతో వెళ్లాలి.

ఏ నదికైనా బయలుదేరే ముందు అమెరికా భూగర్భ సర్వే సంస్థ నీటి కొలతలు చూడండి. నదిలో సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుతున్నదో ఎప్పటికప్పుడు చూపిస్తారు. ఒకే నదిలో ఒక అంకె దగ్గర కనూ హాయిగా సాగుతుంది, దాని సగం దగ్గర నడుస్తూ ఈడ్చుకోవలసి వస్తుంది, మూడింతల దగ్గర ఇంట్లో ఉండటం మంచిది. మీరు వెళ్లిన ప్రతిసారీ ఆ అంకె రాసిపెట్టుకోండి. చేపల లైసెన్సు, వసంతంలో గూళ్ల కాలపు ఆంక్షలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. మగ చేప గూడు కాస్తున్నప్పుడు దాన్ని పట్టి పైకి తీస్తే కొద్ది నిమిషాల్లోనే గుడ్లను ఇతర చేపలు తినేస్తాయి. చట్టం అనుమతించిన చోట కూడా ఆ రోజుల్లో గూళ్ల జోలికి వెళ్లవద్దని నా ప్రార్థన.

వసంతారంభంలో పెద్ద చేపలు కదులుతాయి, నీరు మాత్రం ఇంకా 10 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైన కూర్చునే కయాక్‌లో తడవకుండా ఉండలేరు. కనూలో పొడిగా ఉంటారు, కానీ అది తిరగబడితే నిండిన నీటితో వందల కిలోల బరువై ప్రవాహంతో పోతుంది. అప్పుడు దాని దిగువ వైపు ఉండకూడదు, అది మిమ్మల్ని రాతికి అదిమేస్తుంది. ఏ పడవైనా గాలి ఉష్ణోగ్రతకు కాదు, నీటి ఉష్ణోగ్రతకు తగిన బట్టలు వేసుకోవాలి. లైఫ్ జాకెట్ పడవలో కాదు, ఒంటి మీద ఉండాలి. వడిలో పడితే నిలబడే ప్రయత్నం చేయవద్దు. పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకు వంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువకు పెట్టి, ఒడ్డు వైపు ఈదాలి.

కొనే ముందు ఒక రోజు ఆ పడవను అద్దెకో అరువుకో తీసుకోండి. గాలం లేకుండా, వెచ్చని రోజున, నడుము లోతు నిలకడ నీటిలో కావాలనే దాన్ని తిరగేయండి. కయాక్‌నయితే తిప్పి, పక్క నుంచి కడుపు మీద పాకి ఎక్కండి. కనూనయితే ఒడ్డుకు లాగి నీరు కుమ్మరించడానికి ఎంతసేపు పట్టిందో చూసుకోండి. తరువాత అందులో కూర్చుని తెడ్డు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో ఇరవై సార్లు ఉత్త గాలం విసరండి. ఒక్కో విసురుకూ పడవ ఎటు తిరిగిందో గమనించండి. మూడుసార్లు ప్రయత్నించినా ఎక్కలేకపోతే, లేదా ఇరవై విసుర్లలో పదిసార్లు పడవ మిమ్మల్ని వేరే దిక్కుకు తిప్పేస్తే, మరో రకం తీసుకుని ఇంకో రోజు ఇదంతా మళ్లీ చేయండి.